మౌత్ ఆర్గాన్ అడిగే బాకీ

"వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్ చాలా స్లో అండీ, మోరికోనే బీజీఎం వల్ల నిలబడింది." ఈ మాట విన్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. అంటే ఏమిటి? ముందు సీన్లు షూట్ చేసేశారు, చూసుకుంటే నీరసంగా ఉన్నాయి, తర్వాత మ్యూజిక్ వేసి లేపారు అనేగా!

జరిగింది పూర్తిగా రివర్స్. 1968లో వచ్చిన ఈ కౌబాయ్ సినిమాకు ముఖ్యమైన థీమ్స్ సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనే షూటింగ్‌కి ముందే చేసి ఇచ్చారు. దర్శకుడు సెర్జియో లియోనే వాటిని సెట్లో ప్లే చేయిస్తూ సీన్లు తీశారు. నటులు నడిచింది, ఆగింది, తల తిప్పింది ఆ సంగీతం వింటూనే. మీకు స్లో అనిపించేది ఆ పాట నడక. వీళ్లిద్దరూ రోమ్‌లో చిన్నప్పుడు ఒకే స్కూల్లో చదువుకున్నవాళ్లు కూడా.

'మోసగాళ్లకు మోసగాడు' చూసిన మనకి గుర్రాలు, టోపీలు, తుపాకులు ఏమిటో నేను చెప్పక్కర్లేదు. నేరుగా మౌత్ ఆర్గాన్ దగ్గరికి వెళ్దాం. క్లైమాక్స్ కూడా చెప్పేస్తాను. చూడనివాళ్లు వీడియో ఇక్కడే ఆపి, సినిమా చూసి రండి.

చార్లెస్ బ్రాన్సన్ పాత్రకు పేరు లేదు. మౌత్ ఆర్గాన్ వాయిస్తాడు కాబట్టి హార్మోనికా అంటారు. ఆ వాద్యాన్ని మీరు ఒక ప్రామిసరీ నోటు అనుకోండి. ఎవరో ఎప్పుడో బాకీ పడ్డారు. ఇతను ఆ నోటు మెడలో వేసుకుని తిరుగుతున్నాడు. వాయించిన ప్రతిసారీ నోటు తీసి చూపిస్తున్నట్టే. బాకీ పడినవాడు విలన్ ఫ్రాంక్. ఎంతమందికి ఎంత అన్యాయం చేశాడో వాడికే లెక్క లేదు, అందుకే ఈ నోటు ఏదో గుర్తు రాదు. "ఎవరు నువ్వు?" అని అడుగుతాడు. ఇతను తన పేరు చెప్పడు, ఫ్రాంక్ చంపినవాళ్ల పేర్లు చెబుతాడు. మిగతా బాకీలు చదువుతున్నాడన్నమాట!

నోటు మొదటిసారి బయటికి వచ్చేది రైల్వే స్టేషన్లో. అంతకుముందు దాదాపు పది నిమిషాలు సంగీతమే ఉండదు. గాలిమర కిర్రుమంటుంది, టోపీ మీద నీటి చుక్క పడుతుంది, ఈగ గుయ్‌మంటుంది. ఫ్లారెన్స్‌లో ఒక ప్రదర్శనలో ఒకాయన వేదిక మీద నిచ్చెనను కిర్రుకిర్రుమనిపించడం మోరికోనే చూశారు. నిశ్శబ్దంలో వింటే మామూలు చప్పుడు కూడా వేరేగా వినిపిస్తుందని ఆయన చెప్పేవారు. ఇక్కడ జరిగేది అదే. ఈ పది నిమిషాలు స్కిప్ చేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. చెవి అంత ఖాళీ అయ్యాక, రైలు కదిలి వెళ్లాక, పట్టాల అవతలి నుంచి మౌత్ ఆర్గాన్ వస్తుంది. రెండు మూడు స్వరాలే. ఒకదానికొకటి ఒరుసుకుంటాయి, తీపి అస్సలు ఉండదు. వాయించింది ఫ్రాంకో డి జెమిని.

ఇక ఫ్రాంక్ తొలిసారి కనిపించే చోట ఎలక్ట్రిక్ గిటార్ విరుచుకుపడుతుంది. కెమెరా చుట్టూ తిరిగి ముఖం చూపిస్తే హెన్రీ ఫోండా! దాదాపు ఎప్పుడూ మంచివాడిగా కనిపించిన మనిషి. ఆయన గోధుమరంగు కాంటాక్ట్ లెన్సులు, మీసం పెట్టుకుని సెట్‌కి వస్తే లియోనే తీయించేశారట. ఆ నీలి కళ్లే కావాలన్నారు. ఆ గిటార్ వెనకాల మౌత్ ఆర్గాన్ వినండి. నోటు ఉన్నవాడు అక్కడ లేడు, బాకీ మాత్రం ఉంది.

చివరి ద్వంద్వ యుద్ధంలో నోటు మీద ఏం రాసి ఉందో చూస్తాం. పసివాడి భుజాల మీద అన్న నిలబడి ఉంటాడు, అన్న మెడకు ఉరితాడు. ఫ్రాంక్ నవ్వుతూ ఆ పిల్లవాడి నోట్లో మౌత్ ఆర్గాన్ కుక్కుతాడు. మనం ఇంతసేపూ విన్నది ఆ పిల్లవాడి ఊపిరి! అందుకే అందులో తీపి లేదు. ఈ నోటుకు కాలదోషం పట్టదు. తూటా తగిలిన ఫ్రాంక్ మళ్లీ "ఎవరు నువ్వు?" అంటాడు. ఇతను మెడలోది తెంపి వాడి నోట్లో పెడతాడు. వాడి ఆఖరి శ్వాస అందులోంచే పలుకుతుంది. గుర్తొచ్చింది. నోటు మీద చెల్లు పడింది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెబుతాను. కథానాయిక జిల్ థీమ్‌లో గాయని ఎడ్డా డెల్ ఓర్సో గొంతుకు మాటలే లేవు. జిల్ స్టేషన్ గదిలోంచి ఊళ్లోకి వెళ్తుంటే క్రేన్ పైకప్పు మీదుగా లేస్తుంది, అదే క్షణంలో ఆ గొంతు కూడా పైకెళ్తుంది. పాట ముందే ఉంది కాబట్టే క్రేన్‌ను దానికి అంత సరిగ్గా కలపగలిగారు.

బందిపోటు షాయెన్‌కి బాంజో, గిటార్ లాంటి తీగవాద్యం. గుర్రం తాపీగా నడుస్తున్నట్టు ఉంటుంది. చివర్లో అతను కింద పడిపోయినప్పుడు కెమెరా హార్మోనికా ముఖం మీదే ఉంటుంది, మనకు షాయెన్ కనిపించడు. బాంజో వాక్యం మధ్యలో ఆగిపోతుంది.