వంట వచ్చినవాళ్లకు వంట చదువెందుకు?

అందరికీ నమస్కారం.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ల స్థానిక ప్రభుత్వ కాలేజీలో, కలినరీ డిగ్రీ, అంటే వంట చదువు, చదువుతానంటే మన ఇళ్లలో మొదట వచ్చే మాట, "నీకు వంట వచ్చు కదా, ఇంకా ఏం నేర్చుకుంటావు?" అని. అడగదగ్గ ప్రశ్నే. అక్కడ వంటకాలు నేర్పేది తక్కువ. వేడి, వేళ, ఖర్చు, ఈ మూడింటి లెక్కే ఎక్కువ.

అమెరికాలో ఈ చదువు నిన్నా మొన్నా వచ్చింది కాదు. సిటీ కాలేజ్ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో హోటల్, రెస్టారెంట్ కోర్సు 1936లోనే మొదలైంది. పేరున్న కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా ఆ తర్వాత పదేళ్లకు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం పుట్టింది. అయినా కార్మిక శాఖ జాబితాలో చెఫ్‌ను వృత్తినిపుణుల్లో చేర్చడానికి 1970ల దాకా పట్టింది, అదీ చెఫ్‌ల సంఘం అమెరికన్ కలినరీ ఫెడరేషన్ వెంటపడితే.

అసోసియేట్ డిగ్రీ అంటే సుమారు 60 క్రెడిట్లు, రెండేళ్లు. ఇంగ్లిష్, లెక్కలు కూడా ఉంటాయి. మొదటి సెమిస్టర్‌లో కత్తి పట్టుకోవడం నేర్పుతారు. బ్రునాయిజ్ అంటే ఎనిమిదో వంతు అంగుళం ముక్క, అన్నివైపులా. పక్కన స్కేలు పెట్టి చూస్తారు. ఇరవయ్యేళ్లుగా ఉల్లిపాయలు తరిగిన చేతికి అక్కడే అహం దెబ్బతింటుంది.

తర్వాత స్టాక్, అంటే ఎముకలు నీళ్లలో ఉడికించి తీసే రసం. కోడి ఎముకలు మూడు నాలుగు గంటలు, దూడ ఎముకలు ఆరు నుంచి ఎనిమిది గంటలు సన్నటి సెగ మీద ఉంచాలి. తెర్లనిస్తే మసకబారిపోతుంది. అసలు పాఠం పొయ్యి కట్టేశాకే మొదలవుతుంది. 135 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి 70కి రెండు గంటల్లో, అక్కణ్ణుంచి 41కి ఇంకో నాలుగు గంటల్లో దిగాలి. అందుకే లోతు తక్కువ ట్రేల్లో పోస్తారు, గిన్నెను ఐసులో పెడతారు. మనం రాత్రి సాంబారు గిన్నె పొయ్యి మీదే వదిలేసి పొద్దున వేడిచేసుకుంటాం చూడండి, ఆ పని రెస్టారెంట్‌లో చేస్తే తనిఖీకి వచ్చినాయన ఊరుకోడు. మళ్లీ మరిగించినా కొన్ని బ్యాక్టీరియాలు వదిలిన విషం పోదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది కాస్టింగ్, అంటే ఖర్చు లెక్కగట్టే క్లాసు. పది పౌండ్ల క్యారెట్ కొన్నారు, చెక్కు తీసి చివరలు కోస్తే ఎనిమిది మిగిలింది. పౌండు డాలరుకు కొన్నా, మీరు వాడుతున్నది పౌండు డాలరుంపావు పడిన సరుకు. ప్లేటుకు నాలుగు డాలర్ల సరుకు పట్టి, ఫుడ్ కాస్ట్, అంటే అమ్మే ధరలో సరుకు ఖర్చు వాటా, 30 శాతం దాటకూడదంటే ధర 13 డాలర్ల 33 సెంట్లకు తగ్గకూడదు. చేతివంట అమృతంలా ఉన్నా మనవాళ్ల కేటరింగ్‌లు కొన్ని మూతపడేది ఈ లెక్క వేయకే అని నా అనుమానం.

ఒక మాట ఖరాఖండీగా చెబుతాను. వంటవాడిగా చేరడానికి ఈ డిగ్రీ ఉండి తీరాలని ఏమీ లేదు. గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి చెఫ్‌లైనవాళ్లు బోలెడుమంది. కాబట్టి దీనికోసం పెద్ద అప్పు చేయొద్దు. భారీ ఫీజుల వంట కాలేజీ లే కార్డన్ బ్లూ తన 16 అమెరికా క్యాంపస్‌లను మూసేస్తున్నట్టు 2015లో ప్రకటించింది. లైన్ కుక్, అంటే రెస్టారెంట్‌లో పొయ్యి దగ్గర నిలబడే మామూలు వంటవాడి జీతంతో అలాంటి అప్పు తీర్చడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. కమ్యూనిటీ కాలేజీలో స్థానికులకు ఫీజు చాలా తక్కువ. కత్తులు, కోటు, బూట్లు మాత్రం విడిగా కొనుక్కోవాలి.

హెచ్4 వీసా మీద, అంటే హెచ్1బీ ఉద్యోగి భార్యగా వచ్చి ఉన్న అక్కచెల్లెళ్లు వినండి. ఈ వీసాతో చదువుకోవచ్చు. కానీ చాలా కోర్సుల్లో ఎక్స్‌టర్న్‌షిప్, అంటే బయట వంటగదిలో పనిచేసి నేర్చుకోవడం, తప్పనిసరి. జీతమిచ్చే చోట చేయాలంటే పని అనుమతి కావాలి. చేరకముందే కాలేజీ సలహాదారును ఈ సంగతి అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. మీ బీటెక్ మార్కుల షీట్లు కూడా చూపించండి, కొన్ని కాలేజీలు ఇంగ్లిష్, లెక్కల క్లాసులకు మినహాయింపు ఇస్తాయి.

శాకాహారులు మాంసం కోసే క్లాసు ఉందో లేదో సిలబస్‌లో చూసుకోవాలి. చాలాచోట్ల ఉంటుంది, రుచి కూడా చూడమంటారు. కుదరదనుకుంటే బేకింగ్, పేస్ట్రీ డిగ్రీ విడిగా ఇచ్చే కాలేజీలున్నాయి. అందులో గుడ్లు, వెన్న మాత్రం ఎటూ తప్పవు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.