20 వేలలో గిటార్: రంగు వదిలేయండి, తీగల ఎత్తు చూడండి

నమస్కారం. గిటార్ కొందామని నెల్లూరు ట్రంకు రోడ్డులోనో ఒంగోలు బజార్లోనో షాపుకి వెళితే ముందు కళ్లు పోయేది రంగు మీదకే. షాపాయన కూడా తళతళలాడేదాన్నే దించి చేతికిస్తాడు. ఈ వీడియోలో రంగు గురించి ఇక ఒక్క మాట కూడా ఉండదు. పది వేల నుంచి పాతిక వేల దాకా పెట్టే డబ్బు దేనికి పోవాలో మాత్రమే చూద్దాం. నా లెక్కలో అవి రెండే: తీగల ఎత్తు, ముందు పలక. ఈ వరసలోనే.

[తెర మీద: పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగలు, బాగా దగ్గర నుంచి]

మెడ మీద అడ్డంగా వరసగా ఉండే లోహపు పట్టీలే ఫ్రెట్‌లు, తల వైపు నుంచి లెక్కపెట్టాలి. తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఉండే ఖాళీని యాక్షన్ అంటారు. నేర్చుకోవడం మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది కొన్నాళ్లకే గిటార్‌ని బీరువా మీదకి ఎక్కించేస్తారు. అడిగితే, ‘వేళ్లు కాయలు కాస్తున్నాయి, ఎఫ్ కార్డ్ పడటం లేదు, ఇది మనవల్ల కాదులే’ అంటారు. కార్డ్ అంటే కొన్ని స్వరాలు ఒకేసారి పలికేలా తీగలు నొక్కడం, ఎఫ్‌లో ఒకే వేలితో కొన్ని తీగలు కలిపి నొక్కాలి. చాలాసార్లు తప్పు వాళ్ల వేళ్లది కాదు. తీగ అంత ఎత్తున ఉంటే బాగా వాయించేవాళ్లకి కూడా చెయ్యి నొప్పెడుతుంది.

కొలవడానికి స్కేలు అక్కర్లేదు. జేబులో ఏటీఎం కార్డులు ఉంటాయి కదా, అవి చాలు. ఒక్కో కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. ఉబ్బెత్తు అంకెలు లేని చదును కార్డులు మూడు కలిపి, పన్నెండో ఫ్రెట్ మీద, అన్నిటికన్నా లావు తీగ కింద పెట్టండి. మూడూ తీగని తాకీ తాకనట్టు ఉంటే బాగుంది. నాలుగు కూడా వదులుగా దూరిపోతుంటే ఎత్తు ఎక్కువే. సన్న తీగ దగ్గర ఇంకొంచెం తక్కువ ఉండాలి, రెండు మిల్లీమీటర్లు అయితే చాలు.

ఎత్తుగా ఉందని గిటార్ వద్దనక్కర్లేదు. గిటార్ ముందు వైపు తీగల కొనలు బిగించే చెక్క ముక్క బ్రిడ్జ్. దాని మీద తీగలు ఆనే తెల్ల పట్టీ ఉంటుంది చూడండి, అది శాడిల్. దాన్ని తీసి అడుగువైపు ఒక మిల్లీమీటరు అరగదీస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దిగుతుంది. మెడ వంగి ఉంటే లోపల ఉక్కు కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు, దాన్ని తిప్పి సరిచేస్తారు. ఇదంతా కలిపి సెటప్. ‘సెటప్ చేసి ఇస్తేనే తీసుకుంటాను’ అని బేరంలోనే చెప్పేయండి. ఉచితంగా ఇచ్చే బ్యాగు, బెల్టు, తీగలు మీటే గుప్పెడు ప్లెక్ట్రమ్‌ల కంటే దానికే విలువెక్కువ.

[తెర మీద: సౌండ్ హోల్ అంచు, టార్చి వెలుతురులో]

ఇక ముందు పలక. దీన్నే టాప్ అంటారు. తీగల ఊపు బ్రిడ్జ్ గుండా దీనికి చేరితేనే శబ్దం పుడుతుంది. ఇది రెండు రకాలు. పొరలు అతికించి చేసింది లామినేట్, ప్లైవుడ్ పద్ధతే. పొరలు లేని అసలు చెక్క సాలిడ్ టాప్. సాలిడ్ టాప్ ఎక్కువ స్వేచ్ఛగా కదులుతుంది కాబట్టి మెల్లగా మీటినా పలుకుతుంది, గట్టిగా కొడితే నిండుగా వస్తుంది.

మోసపోయేది ఎక్కడంటే, వివరాల కాగితం మీద ‘స్ప్రూస్ టాప్’ అని ఉంటుంది. స్ప్రూస్ అంటే ఒక రకం చెక్క. అది పైపొర మాత్రమే స్ప్రూస్ అయినా రాస్తారు. ‘సాలిడ్ స్ప్రూస్’ అని ఉందా లేదా అన్నదే చూడాలి. నమ్మకం కుదరకపోతే గుండ్రటి రంధ్రం, అదే సౌండ్ హోల్, దాని అంచున టార్చి వెయ్యండి. పైన కనిపించే చెక్క గీతలు అంచులోకి అలాగే దిగితే సాలిడ్. అడ్డంగా పొరలు కనిపిస్తే లామినేట్. అంచుకి రంగు పూసేస్తే మాత్రం ఈ పరీక్ష పనిచెయ్యదు, మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ సైట్‌లో చూసుకోవాల్సిందే.

కొన్ని పేర్లు చెబుతాను. యమహా ఎఫ్ 310 లామినేట్, పది వేల అటూఇటూ. అదే కంపెనీ ఎఫ్‌జీ 800 సాలిడ్ స్ప్రూస్, దాదాపు రెట్టింపు ధర. ఎఫ్‌జీ వరస 1966 నుంచి వస్తూనే ఉంది. ఫెండర్‌లో సీడీ 60 లామినేట్, సీడీ 60ఎస్ సాలిడ్. ఒక్క అక్షరం తేడా, షాపులో ఆ అక్షరం గట్టిగా అడగండి. ధరలు మారుతుంటాయి కాబట్టి కొనే రోజు చూసుకోండి.

అయితే మన దగ్గర ఇంకో లెక్క ఉంది. చెక్కకి తేమ తగిలితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. నెల్లూరు, ప్రకాశం వైపు రెండూ తీవ్రంగానే ఉంటాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, వాయుగుండాలు. అప్పుడు ముందు పలక కాస్త పైకి ఉబ్బి, తీగలు లేస్తాయి. మే నెలలో పడమటి గాలి కొడితే చెక్క ఎండి, మెడ అంచున ఫ్రెట్ కొనలు చేతికి గీరుకుంటాయి. లామినేట్ ఈ హెచ్చుతగ్గుల్ని బాగా తట్టుకుంటుంది. అందుకే, గిటార్‌ని బైకు మీద వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లకి, ఇంట్లో అది వరండాలోనే ఉండేవాళ్లకి మంచి సెటప్ ఉన్న లామినేటే నయం అంటాను. సాలిడ్ కొంటే కేస్‌లో పెట్టి, గది లోపల, గోడకి ఆనకుండా ఉంచే ఓపిక ఉండాలి.

చర్చి క్వాయర్‌లో వాయించేవాళ్లు మన జిల్లాల్లో చాలామంది. వాళ్లకి పికప్ కావాలి, అంటే తీగల శబ్దాన్ని వైరు గుండా పంపే పరికరం, స్పీకరు బాక్సుకి కలపాలి కదా. పదివేల లోపు ధరలో పికప్ కూడా ఉందంటే చెక్కలో ఎక్కడో కోత పడ్డట్టే. ముందు మంచి గిటార్ కొనండి. సౌండ్ హోల్‌కి బిగించే పికప్ తర్వాత ఎప్పుడైనా పెట్టించుకోవచ్చు.

నైలాన్ తీగలది మెత్తగా ఉంటుందని కొందరు తీసుకుంటారు, బాగానే ఉంటుంది. దానికి స్టీలు తీగలు మాత్రం ఎక్కించకండి. స్టీలు సెట్టు లాగుడు సుమారు 70 కిలోలు, బ్రిడ్జ్ ఊడొస్తుంది.

[తెర మీద: బ్రిడ్జ్ వెనక కాగితం ముక్క]

పాతది దొరికితే ఇంకా మంచిది. కోర్సు అయిపోయి ఊరు వదిలే కుర్రాళ్లు మంచి గిటార్లు సగానికి సగం ధరకి అమ్మేస్తారు. బ్రిడ్జ్ వెనక అంచున కాగితం పెట్టి నెట్టండి. లోపలికి దూరిందంటే జిగురు వదిలింది, వద్దు. లావు తీగని ఒకటో ఫ్రెట్ దగ్గర, పద్నాలుగో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని మధ్యలో చూడండి. కాగితం మందం ఖాళీ ఉంటే మెడ బాగున్నట్టు. ఆ తర్వాత ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్‌లో ఒక్కసారి మీటండి. అమ్మేవాళ్లు విసుక్కున్నా ఫర్వాలేదు. ఎక్కడైనా జుయ్‌మన్నా, మూగగా పడినా తెలిసిపోతుంది. చివరగా ఫోన్‌లో ట్యూనర్ పెట్టి, పన్నెండో ఫ్రెట్ మీద తీగని తాకీ తాకకుండా మీటినప్పుడు వచ్చే స్వరం, అదే ఫ్రెట్‌లో నొక్కి మీటినప్పుడు వచ్చే స్వరం ఒకటేనా చూడండి. కొద్దిగా తేడా ఉంటే కొత్త తీగలు వేసి మళ్లీ చూడాలి. బాగా తేడా ఉంటే ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.