వాలు నచ్చింది, మూత నచ్చలేదు: మా ఇంటి చదువు మూలలో ఏడు వారాలు

నమస్కారం. కాజీపేటలోని మా ఇంటి నుంచి మాట్లాడుతున్నాను. నా పక్కన కనిపిస్తున్నది పిల్లలు నేల మీద కూర్చుని రాసుకునే చిన్న వాలు బల్ల. దీన్ని కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. డబ్బు తీసుకోలేదు. వీడియోను ముందుగా వాళ్లకు చూపిస్తానని మాట కూడా ఇవ్వలేదు. దీని కొలతలు, బరువు, ధర మీరు ఇప్పటికే ఎక్కడో చూసే ఉంటారు, వాటిని వదిలేస్తున్నాను. మా ఇద్దరు పిల్లలూ ఇంట్లోనే చదువుకుంటారు. ఏడు వారాలుగా ఈ బల్ల మీదే రాస్తున్నారు. ఆ అనుభవం చెబుతాను.

ముందు దీని వాలు గురించి. మా తాతగారు వరంగల్ బీట్ బజారులో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. పరుపు మీద బాసింపట్టు వేసుకుని, వాలు మూత ఉన్న చెక్క పెట్టెను ఒళ్లోకి జరుపుకుని, చీకటి పడేదాకా పద్దులు రాసేవారు. ఈ బల్లను అట్టపెట్టెలోంచి తీయగానే ఆ చెక్క పెట్టె కళ్ల ముందు మెదిలింది. పుస్తకం కాస్త పైకి లేచి ఉంటే పిల్లలు మెడ వంచి దాని మీదకు వాలిపోరు. తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఇదివరకు ముక్కు కాగితానికి ఆనేలా రాసేది. ఇప్పుడు నిటారుగా కూర్చుంటోంది. నేను ఒక్కసారి కూడా చెప్పలేదు.

దీనికి ముందు మా ఇంట్లో పెద్దవాళ్ల ఎత్తున్న రాతబల్ల, కుర్చీ ఉండేవి. ఆరేళ్ల మా చిన్నవాడి కాళ్లు నేలకు అందేవి కావు. పది నిమిషాలకే కాళ్లు ఊపేవాడు, కుర్చీలో కిందికి జారేవాడు. కుదురు లేదని ఎన్నిసార్లు కోప్పడ్డానో! పాదం ఆనడానికి చోటు లేక అవస్థ పడుతున్నాడని నాకు తట్టలేదు. తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదటి బడి తెరిచాక పిల్లల ఎత్తుకు తగిన బల్లలు, కుర్చీలు చేయించారు. వందేళ్లు దాటినా మనం పిల్లలను పెద్దల కుర్చీల్లోనే కూర్చోబెడుతున్నాం. ఈ బల్లతో నేల మీద కూర్చుంటే ఆ బాధ లేదు.

ఇక మూత. ఇక్కడే నాకు కోపం వస్తుంది. పెన్సిళ్లు, పుస్తకాలు దాచుకునే అర ఈ వాలు పలక కిందే ఉంది. పలక ఎత్తి, చేయి వదిలితే చాలు, ఠప్పున పడుతుంది. పట్టి ఆపే ఏర్పాటు ఏదీ లేదు. రబ్బరు కోసం అమ్మాయి మూత తీస్తుంది, ఠప్! పక్కన అక్షరాలు కూడబలుక్కుంటున్న చిన్నవాడు ఉలిక్కిపడతాడు. చదువుతున్న చోటు మరిచిపోతాడు. మళ్లీ మొదటి నుంచి మొదలు. ఒక పూటలో ఇలా పదిహేను సార్లు జరిగితే ఆ పూట చదువు ఏమవుతుంది?

కాజీపేటలో ఉంటూ చప్పుడు గురించి మాట్లాడుతున్నానని అనుకోవద్దు. సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ మార్గాలు కలిసే జంక్షన్ మాది. రాత్రింబవళ్లు కూతలే. ఆ కూతకు మా పిల్లలు తల కూడా ఎత్తరు. దూరం నుంచి మెల్లగా వస్తుంది, మెల్లగా పోతుంది. వేసవిలో కూలర్ హోరు కూడా అంతే, కాసేపటికి వినిపించదు. చెవి పక్కనే, చెప్పకుండా పడే మూత వేరు. పిల్లల కోసం బల్ల చేసిన వాళ్లు ఒక్క పిల్లవాడి పక్కన గంటసేపు కూర్చున్నా ఈ సంగతి తెలిసేది. దర్జీ దగ్గర మందమైన గుడ్డ పీలికలు తెచ్చి అంచుల వెంట అంటించాను. చప్పుడు చాలావరకు తగ్గింది.

రెండో ఇబ్బంది పలక మీది బొమ్మలు. రాసే చోటంతా రంగురంగుల అక్షరాలు, జంతువులు. 2014లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు రెండు రకాల గదుల్లో పాఠాలు చెప్పించారు. గోడల నిండా పటాలున్న గదిలో పిల్లల దృష్టి దాదాపు 39 శాతం సమయం పాఠం మీద లేదు. ఖాళీ గోడల గదిలో అది 28 శాతం. నేర్చుకున్నది కూడా ఖాళీ గోడల మధ్యే ఎక్కువ. గోడ మీది బొమ్మకే అంత లాగే శక్తి ఉంటే, ముక్కు కింద ఉన్న జిరాఫీ ఊరుకుంటుందా? చిన్నవాడు కూడికలు వదిలేసి దాని మచ్చలు లెక్కపెట్టాడు. పుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ కాగితంతో పలకంతా కప్పేశాను.

దీపం గురించి రెండు మాటలు. ఎడమ మూలకు బిగించి ఉంది, కదలదు. మా అమ్మాయిది ఎడమచేతి వాటం. తన చేతి నీడ తన అక్షరాల మీదే పడుతుంది. ఊడదీసి పక్కన పెట్టాను. కిటికీ కుడివైపుకు వచ్చేలా బల్ల తిప్పాం, పగటి వెలుతురు చాలు. ఎండాకాలంలో ఎటూ ఆరున్నరకే కూర్చుని తొమ్మిదికల్లా ముగిస్తాం. ఆ తర్వాత డాబా కింద గది కాగిపోతుంది.

బల్ల కింద పరిచినదేమిటని పోయిన వీడియోలో చాలామంది అడిగారు. అది వరంగల్ కొత్తవాడ జంపఖానా. మన నేతగాళ్లు నేసిన నూలు జంపఖానా. వీటికి వరంగల్ దర్రీలన్న పేరుతో 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. మాకు వేరే చదువు గది లేదు, ఇదే హాలు. జంపఖానా పరిస్తే పాఠాలు మొదలైనట్టు, చుట్టేస్తే అయిపోయినట్టు. పరవడం, చుట్టడం పిల్లల పనే. పరిచి ఉన్నంతసేపు దాని మీదకు ఫోను రాదు, టిఫిన్ పళ్లెం రాదు, నా కేకలూ రావు. ఈ మూలకు ప్రశాంతత తెచ్చింది ముందు ఈ జంపఖానా, ఆ తర్వాతే బల్ల.

కొనాలా? వాలు కోసం కొనండి. దీపం లేని రకం దొరికితే అదే తీసుకోండి, గుడ్డ పీలికలు, ఖాకీ కాగితం సిద్ధంగా పెట్టుకోండి. వడ్రంగి దగ్గరైతే ఇలాంటి వాలు బల్లనే బొమ్మలు లేకుండా, అరను పక్కకు పెట్టించి చేయించుకోవచ్చు. మా చిన్నవాడికి అలా ఒకటి చేయమని ఇప్పటికే చెప్పాను. ఈ బల్ల అమ్మాయికి. తను దీన్ని వదలనంటోంది.