కోత గోడలో భూకంపాల జాడ

శ్రోతలకు నమస్కారం. కోనసీమలో చేపల చెరువు తవ్వేటప్పుడు కోత గోడ చూసే ఉంటారు. పైన నల్లమట్టి, కింద ఒండ్రు, నడుమ ఎక్కడో బెత్తెడు ఇసుక. ఏది ముందు పడిందో, ఏది తర్వాత పడిందో ఆ గోడే చెబుతుంది. హిమాలయాల పాదాల దగ్గర పాత భూకంపాలను పట్టుకునేదీ ఇలాగే.

అక్కడ భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోసే భూమి పైపెంకు ముక్క, ఏటా దాదాపు 2 సెంటీమీటర్లు పర్వతాల కిందికి చొచ్చుకుపోతోంది. భ్రంశం, అంటే రాళ్లు తెగి జారే పగులు, దాని దగ్గర ఒత్తిడి పేరుకుని, ఏదో ఒకనాడు తెగుతుంది. 1934 జనవరి 15న నేపాల్, బిహార్‌లను కుదిపిన భూకంపం అలాంటిదే. అంత పెద్దదైనా చీలిక నేలపైకి రాలేదనే చాలా ఏళ్లు అనుకున్నారు. తూర్పు నేపాల్‌లో సిర్ ఖోలా వాగు దగ్గర మట్టి కోతలో ఆ చీలిక దొరికిందని 2013లో ప్రకటించారు. అక్కడే 1255 నాటి భూకంపం గుర్తు కూడా బయటపడింది.

పని ఇలా సాగుతుంది. భ్రంశానికి అడ్డంగా కందకం తవ్వుతారు. తడి ఇసుక కూలుతుంది కాబట్టి గోడను మెట్లుమెట్లుగా దించాలి. తాపీతో గీకి, మేకులు కొట్టి, దారంతో మీటరు గళ్లు కట్టి, గడి గడినీ కాగితం మీద గీస్తారు. ఏ పొర తెగింది, దాని మీద ఏ పొర తెగకుండా సాగింది అన్నదే అసలు ప్రశ్న. ఆ రెండూ పడిన కాలాల మధ్యే భూకంపం వచ్చింది. రెండింటిలోనూ బొగ్గు ముక్కలు ఏరి, కార్బన్ పద్ధతిలో వయసు కడతారు.

లెక్క ఎక్కువగా తప్పేది ఈ బొగ్గు దగ్గరే. ముసలి చెట్టు కాలిన బొగ్గయినా, పాత గట్టు నుంచి కొట్టుకొచ్చిందయినా పొర వయసును పెంచి చూపిస్తుంది. ఒక్క ముక్కను నమ్మి తేదీ చెప్పడం తప్పు. గింజో, ఆకో దొరికితే మేలు, అవి ముసలి చెట్టులా ఏళ్ల తరబడి ఉండవు. వాగు ఒక పొరను కోసుకుపోతే రెండు భూకంపాలు ఒకటిగా కనిపిస్తాయి.

మనకు దగ్గరి ఫలకాల సరిహద్దు అండమాన్ పక్కన ఉంది. 2004 డిసెంబర్ 26న అది సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున తెగి, సునామీ మన తీరానికీ వచ్చింది. థాయిలాండ్‌లోని ఫ్రా థాంగ్ దీవిలో ఆనాటి సునామీ తెచ్చిన ఇసుక కింద, సుమారు 550 నుంచి 700 ఏళ్ల నాటి ఇసుక పొర మరొకటి ఉంది. సుమత్రా ఉత్తర కొసన, అచేలోనూ దాదాపు ఆ కాలపు పొరే కనిపించింది. దూరంగా ఉన్న తీరాల్లో ఒకే వయసు ఇసుక దొరకడం పాత సునామీకి గట్టి సాక్ష్యం.

గోదావరి తీరంలో సునామీ ఇసుకను గుర్తుపట్టడం మరింత కష్టం. 1996 నవంబర్ తుపాను లాంటివి కూడా ఉప్పెనతో ఇసుకను లోపలికి తోస్తాయి. అంతర్వేది వైపు చెరువు తవ్వేవారికి గవ్వలున్న ఇసుక పొర తగిలితే, నేల నుంచి దాని లోతు కొలిచి, పక్కన టేపు పెట్టి ఫోటో తీసి, దగ్గరి విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర విభాగానికి కబురు చేయండి. నీళ్లు పెట్టకముందే చేయాలి.