వంటింటి గట్టుకి ఏ రాయి? ఐదు ముక్కలు, పసుపు, చింతపండు, వేడి మూకుడు

నమస్కారం అండీ. ఈ బల్ల మీద ఐదు ముక్కలు కనిపిస్తున్నాయి కదా. ఇటు చివర చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు. దాని పక్కన తెల్ల క్వార్ట్జ్, ఆ తర్వాత నానో వైట్, సింటర్డ్ స్లాబు (ఈ మూడూ ఫ్యాక్టరీలో చేసినవి), అటు చివర కడప బండ. అన్నీ కటింగ్ షెడ్లలో మిగిలినవే, అడిగితే ఇచ్చారు. ఒంగోల్లో మా అక్క ఇల్లు కడుతోంది. "వంటింటి గట్టుకి ఏం వేయాలో నువ్వే చెప్పవే" అంది. షోరూముకెళ్తే అన్నీ బాగానే ఉంటాయి. అందుకే ముక్కలు ఇంటికి తెచ్చుకుని, మూడు వారాలు నా స్టవ్ పక్కనే పెట్టుకుని వంట చేశాను.

మన గట్టు మీద రోజూ ఏం జరుగుతుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పోపులో వేయబోయిన పసుపు ఒలుకుతుంది. చింతపండు పిసుకుతుంటే రసం చిందుతుంది. ఆవకాయ రోజుల్లో జాడీ కింద నూనె నిలుస్తుంది. పూరీలు వేయించాక మూకుడు ఎక్కడికి దించుతాం? మసిగుడ్డతో పట్టుకుని పక్కనే, గట్టు మీదకే. ఈ పనులు తట్టుకోవాలి ఆ రాయి.

ముందు మరకలు. నూనెలో కలిపిన పసుపు ఒక మూల, చింతపండు గుజ్జు ఇంకో మూల రాసి, రాత్రంతా వదిలేశాను. ఇదిగోండి, కడప బండ చూడండి. చింతపండు పడినచోట నునుపు పోయి బూడిదరంగు మచ్చ తేలింది. ఇది మరక కాదండీ, తోమితే పోదు. కడప బండ సున్నపురాయి జాతి, పులుపు దాన్ని తినేస్తుంది. పాలరాయికీ ఇదే జబ్బు. తాండూరు బండ కూడా ఈ కోవదే. గట్టు కింద అరలకీ, నిలువు బండలకీ కడప బండని మించింది లేదు, తరాలుగా అలాగే వాడుతున్నాం. పైన మాత్రం వద్దు.

తెల్ల క్వార్ట్జ్ మీద చింతపండు ఏం చేయలేదు. పసుపు మాత్రం లేత నీడలా మిగిలింది, వంటసోడా ముద్ద పెట్టి తుడిస్తే చాలావరకు పోయింది. నానో వైట్ గాజు జాతిది, సింటర్డ్ ముక్క పోర్సలీన్ లాంటిది, రెండూ తడిగుడ్డకే శుభ్రమయ్యాయి. గెలాక్సీ నల్లగా ఉంది కాబట్టి మరకంటూ కనపడలేదు. లేత రంగు గ్రానైట్లు అలా కాదు, కొన్ని నూనె పీల్చి నల్లబడతాయి. కొనేముందు ముక్క మీద నాలుగు నీటిచుక్కలు వేసి పది నిమిషాలు ఆగండి. చుక్క కింద రాయి ముదురు రంగుకి తిరిగితే, దానికి సీలర్, అంటే రాయి పీల్చకుండా ఆపే పూత, పూయించాలి, మధ్యమధ్య మళ్లీ పూయించుకుంటూ ఉండాలి.

ఇప్పుడు మూకుడు. ఈ క్వార్ట్జ్ ముక్కని వెలుతురులోకి తిప్పుతున్నాను, గోధుమరంగు వలయం కనిపిస్తోందా? గారెలు వేయించి దించిన మూకుడు దాని మీద పెట్టాను, అంతే. క్వార్ట్జ్ స్లాబులో దాదాపు 90 శాతం రాతిపొడి, మిగతాది దాన్ని పట్టి ఉంచే రెసిన్, ప్లాస్టిక్ లాంటి జిగురు. ఆ రెసిన్ 150 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది. గారెలు వేగే నూనె 180 డిగ్రీల దగ్గర ఉంటుంది. పెనం ఇంకా వేడి. ఈ మచ్చ పోదు. పక్కనున్న గ్రానైటు మీద అదే మూకుడు పెట్టాను, ఏమీ కాలేదు. సింటర్డ్‌కీ ఏమీ కాలేదు. కానీ దాని అంచుకి కొబ్బరికాయ కొట్టేసరికి పెచ్చు లేచింది, చూడండి. నానో వైట్ అయితే స్టీలు రోకలి జారి పడిన దెబ్బకే మూల విరిగింది. గ్యాసు పొయ్యి కోసం, సింకు కోసం కోసిన మూలల్లోనే ఈ రెండూ ముందు చీలతాయి.

క్వార్ట్జ్ వద్దే వద్దని నేననను. స్లాబంతా ఒకే రంగు, సీలర్ గొడవ లేదు. ప్రతిసారీ కింద చెక్క పీట పెట్టుకునే అలవాటున్న ఇల్లయితే బాగానే ఉంటుంది. ఎండ పడే వాష్ ఏరియాలో మాత్రం వేయకండి, రెసిన్ పసుపుపచ్చగా మారుతుంది.

ఇక్కడ ఇంకో మాట చెప్పి తీరాలి. ఈ స్లాబులు కోసేవాళ్ల గురించి. క్వార్ట్జ్ కోసినప్పుడు లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. ఈ జబ్బు వల్లే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఈ రకం స్లాబుల తయారీని, వాడకాన్ని నిషేధించింది. గ్రానైటులో సిలికా తక్కువ, కానీ ఉంటుంది. నేను ముక్కల కోసం వెళ్లిన ఒక షెడ్డులో ఇరవై ఏళ్లు కూడా లేని కుర్రాడు నీళ్లు పోయకుండా కోస్తున్నాడు, ముక్కుకి తువ్వాలు ఒక్కటే. నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదు. మీ ఇంటి గట్టు మాట్లాడుకునేటప్పుడే చెప్పండి: నీళ్లు పోస్తూ కోయాలి, మంచి మాస్కు ఉండాలి, దానికి అదనంగా అడిగితే ఇస్తానని. మా అక్క అలాగే చెప్పింది, మేస్త్రీ ఒప్పుకున్నాడు. ఇంట్లో హాలులో కూర్చుని పొడిగా కోయడానికి ఒప్పుకోకండి, పిల్లలున్న ఇల్లయితే అసలు వద్దు.

సరే, అక్కకి గ్రానైటే చెప్పాను, గెలాక్సీ. చీమకుర్తి మాకు పక్కనే, ఆ బండరాళ్ల లారీలు చూస్తూ పెరిగాం. అంగట్లో గ్రానైటు అన్నా, భూగర్భశాస్త్రవేత్తలు దీన్ని గాబ్రో జాతి రాయి అంటారు, ఇందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. దేశదేశాలకి వెళ్లే రాయి మనకి ఇంటి ముందే దొరుకుతోంది. గోధుమరంగు ఇష్టమైతే కరీంనగర్ టాన్ బ్రౌన్ ఉంది, అదీ గట్టిదే.

నల్లరాయి కొనేటప్పుడు తెల్లటి దూదికి నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది గట్టిగా రుద్దండి. దూది నల్లబడితే రంగు పూసిన రాయి, వదిలేయండి. స్లాబు వెనక్కి వెళ్లి చూడండి, నెట్ అతికించి ఉంటే ఎందుకు అతికించారో అడగండి. స్కేలు పెట్టి మందం కొలవండి. 20 మిల్లీమీటర్లని చెప్పి 16 ఇచ్చేవాళ్లున్నారు. 20 మిల్లీమీటర్ల రాయి చదరపు అడుగుకి సుమారు 5 కేజీలు తూగుతుంది. పది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గట్టంటే వంద కేజీలు. కింద మాడ్యులర్ పెట్టెలు చేసేవాళ్లకి ఈ లెక్క ముందే చెప్పాలి.

గెలాక్సీకీ ఒక లోపముంది. మా వైపు బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. నల్లరాయి మీద ఆరితే తెల్లటి మరకలు కడతాయి. రాత్రి పని అయ్యాక పొడిగుడ్డతో తుడవాల్సిందే. లెదర్ ఫినిష్, అంటే తోలులా కాస్త గరుకుగా ఉండే పైభాగం అయితే వేలిముద్రలు కనపడవు, కానీ ఆ గరుకులో చపాతీ పిండి ఇరుక్కుంటుంది. నేను పాలిష్ రాయికే ఓటేస్తాను.

గోడ టైల్స్ ఏవైనా పరవాలేదు, స్టవ్ వెనక మాత్రం పెద్ద టైల్స్, వాటి సందుల్లో నింపడానికి ఎపాక్సీ గ్రౌటు. మామూలు సిమెంటు గ్రౌటు ఆరు నెలల్లో పసుపుపచ్చ. సింకు కింద పెట్టెకి ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీళ్లు తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ తప్ప ఇంకేదీ వద్దు. నేలకి మ్యాట్ టైల్స్, నూనె పడితే కాలు జారకుండా. గట్టు అంచు కింద సన్నటి గాడి తీయించండి, నీళ్లు తలుపుల మీదకి కారవు.

ఎత్తు మాత్రం మేస్త్రీకి వదలకండి. మా అక్క ఐదడుగుల మనిషి. 34 అంగుళాల గట్టు మీద స్టవ్ పెడితే భుజాలు ఎత్తి కలపాలి. అందుకని స్టవ్ ఉండే భాగం 30 అంగుళాలకి దించాం, మిగతాది 33. వండే మనిషిని నిలబెట్టి, మోచేయి మడిపించి, అక్కడినుంచి కిందకి కొలిచాం.

సింకు కోసం కోసిన ముక్క వాళ్లు పారేయబోతుంటే అక్క అడిగి తెచ్చుకుంది. అంచులు రుద్దించి చపాతీ పీటలా వాడుకుంటోంది. ఇదిగో, ఇదే ఆ ముక్క.