ఏడాది ఎలా గడిచిందో డిసెంబర్‌ని అడక్కండి

"ఈ ఏడాది ఎలా గడిచింది?" అని ఎవరినైనా అడగండి, మూడు సెకన్లలో జవాబు వచ్చేస్తుంది. "ఏం బాగోలేదండీ." లేదంటే "పర్లేదు, నెట్టుకొచ్చాం." పన్నెండు నెలల మీద తీర్పు మూడు సెకన్లలో! తీర్పుతో ఆగినా బాగుండు. దాన్ని పట్టుకునే ఉద్యోగం మారాలా, ఇల్లు మారాలా, మళ్ళీ జిమ్‌లో చేరాలా అన్నవన్నీ తేల్చేసుకుంటారు. నా చిరాకంతా అక్కడే.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళు ఒకరైనా ఉంటే మీకీ సంగతి తెలిసే ఉంటుంది. పొద్దున్నే పరగడుపున చేసే టెస్టు ఒకటి. అందరూ 'మూడు నెలల షుగర్' అనే హెచ్‌బీఏ1సీ ఇంకొకటి. పరగడుపు షుగర్ ఆ పూట సంగతే చెబుతుంది. రాత్రి సరిగ్గా నిద్రపట్టకపోయినా, జ్వరం తగిలినా, టెస్టు ఉందని ముందు రెండు రోజులు నోరు కట్టుకున్నా అంకె మారిపోతుంది. మూడు నెలల షుగర్ దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. అన్నాళ్ళూ రక్తంలో తిరిగే గ్లూకోజ్ దాని హిమోగ్లోబిన్‌కి అంటుకుంటూనే ఉంటుంది. ఎంత అంటుకుందో కొలిస్తే అన్నాళ్ళ సగటు బయటపడుతుంది.

డిసెంబర్ చివర్లో మీ ఏడాది మీద మీకుండే అభిప్రాయం పరగడుపు షుగర్. ఈ వీడియో మొత్తంలో ఈ పోలికని నేను వదలను, ముందే చెప్తున్నా.

మన జ్ఞాపకం ఎందుకిలా చేస్తుందంటే, 1993లో డేనియల్ కానెమన్, బార్బరా ఫ్రెడ్రిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల బృందం ఓ ప్రయోగం చేసింది. మనుషుల చేత చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టించారు. ఒకసారి 14 డిగ్రీల నీళ్ళలో 60 సెకన్లు. ఇంకోసారి అదే 14 డిగ్రీల్లో 60 సెకన్లు, దాని మీద మరో 30 సెకన్లు. ఆ 30 సెకన్లలో నీళ్ళని మెల్లగా 15 డిగ్రీలకి తెచ్చారు. 15 అంటే అదీ చలే. తర్వాత "మళ్ళీ చేయాలంటే ఏది చేస్తారు?" అని అడిగితే ఎక్కువమంది రెండోదాన్నే ఎంచుకున్నారు. బాధ ఎక్కువసేపు ఉన్నదాన్ని! చివర కాస్త తేలిగ్గా ఉంది, అంతే. బాధ ఎంతసేపు ఉందో మనసు పెద్దగా లెక్కపెట్టదు. బాగా గుచ్చుకున్న క్షణాన్నీ, ఆఖరి క్షణాన్నీ గుర్తుపెట్టుకుంటుంది.

ఇప్పుడు దీన్నే ఏడాదికి పెట్టి చూడండి. ఎనిమిది నెలలు చక్కగా నడిచి నవంబర్లో ఆఫీసులో గొడవైతే "దరిద్రపు ఏడాది". ఎనిమిది నెలలు నలిగిపోయి డిసెంబర్లో ప్రమోషన్ వస్తే "బ్రహ్మాండం".

[స్క్రీన్ మీద: అడ్డంగా పెట్టిన తెల్లకాగితం, పన్నెండు నిలువు గడులు, మూడు అడ్డ వరుసలు]

సరే, పనిలోకి దిగుదాం. ఏ4 కాగితం అడ్డంగా పెట్టండి. నెలకో నిలువు గడి, పన్నెండు. అడ్డంగా మూడు వరుసలు: ఇల్లు, పని, ఒళ్ళు. మొత్తం 36 గడులు. దీనికి యాప్ అక్కర్లేదు. యాప్ వెతకడం మొదలుపెడితే ఆ పూటంతా యాప్‌కే సరిపోతుంది.

ముందు నీలం పెన్ను. ఫోన్ పక్క గదిలో పెట్టేసి, పది నిమిషాల్లో గుర్తున్నవి గుర్తున్నట్టు రాయండి. గడికి నాలుగైదు మాటలు చాలు. నెల సరిగ్గా గుర్తులేకపోతే అనుమానమున్న గడిలోనే రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. పది నిమిషాలు కాగానే ఆపేయండి. చాలామందికి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా గడులు కిక్కిరిసిపోతాయి, ఏడాది మొదట్లోవి బోసిగా ఉంటాయి. ఆ బోసి గడుల్ని చూసి కంగారుపడకండి, ఇప్పుడు మనక్కావలసినవి అవే.

తర్వాత ఎర్ర పెన్ను. దీంతో రాసేది ఆధారం ఉన్న సంగతులే. అందరూ ఇక్కడ ఫోన్‌లో ఫొటోలు తెరుస్తారు. వద్దు. గ్యాలరీ అంటే పెళ్ళి ఆల్బమ్ లాంటిది, అందులో అందరూ నవ్వుతూనే ఉంటారు. నిద్రపట్టని రాత్రిని ఎవరూ ఫొటో తీసుకోరు, మాటామాటా అనుకున్న రోజున సెల్ఫీ దిగరు.

ముందు తెరవాల్సింది బ్యాంక్ స్టేట్‌మెంట్. దానికి మొహమాటం లేదు. ప్రతి లైనూ చదవకండి, గంట గడిచినా మార్చి దాటరు. నాలుగు రకాలే ఏరండి: మందులూ డాక్టర్ ఖర్చులు, ప్రయాణాలు, మొదటిసారి కట్టినవి, చివరిసారి కట్టినవి. ఈ ఆఖరి రెండూ బంగారం. జిమ్ ఫీజు చివరిసారి ఏ నెలలో కట్టారు? ట్యూషన్ ఫీజు ఏ నెలలో మొదలైంది? "ఈ మధ్యే మానేశాను" అని మనం చెప్పుకునేదానికీ స్టేట్‌మెంట్ చెప్పేదానికీ మధ్య ఒక్కోసారి ఆరు నెలల తేడా ఉంటుంది.

తర్వాత మెయిల్. ఇన్‌బాక్స్ కాదు, మీరు పంపిన మెయిల్స్. మీకు వచ్చినవి ఇతరుల గోల, మీరు పంపినవి మీ పని. ఆఫీసులో సెలవుల రికార్డు దొరికితే అదీ తీయండి. అనారోగ్యానికి పెట్టిన సెలవులు ఏ నెలల్లో గుంపుగా ఉన్నాయో చూసి ఒళ్ళు వరుసలో వేయండి. ఫోన్ అడుగులు లెక్కపెడుతుంటే నెలవారీ సగటు ఒక్కటి చాలు. ఇంటి వరుసకి కాల్ లాగ్‌ని నమ్ముకోకండి, చాలా ఫోన్లలో ఏడాది వెనక్కి ఉండదు. దగ్గరివాళ్ళు అయిదుగురి పేర్లతో చాట్‌లు తెరిచి, ఏ నెలలో మాటలు పలచబడ్డాయో చూడండి.

[కెమెరా కాగితం మీదికి దగ్గరగా]

ఒక కాగితాన్ని దగ్గర్నుంచి చూద్దాం, ఊహించి రాసిందే. సెప్టెంబర్, ఒళ్ళు గడిలో నీలం సిరాతో "ఆరోగ్యం దెబ్బతింది, షుగర్ బోర్డర్" అని ఉంది. అదే మనిషి ఎర్ర సిరా చూడండి. ఫిబ్రవరి, పని: "కొత్త టీమ్, రాత్రి కాల్స్." మార్చి, ఒళ్ళు: "జిమ్ ఆఖరి ఫీజు." ఏప్రిల్, మే: "అసిడిటీ మందులు, నాలుగుసార్లు." జూన్: "అడుగుల సగటు సగానికి." ఆ తర్వాత సెప్టెంబర్లో హెచ్‌బీఏ1సీ 6.1. 5.7 లోపు మామూలు, 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే డయాబెటిస్ పరిధి. కాబట్టి 6.1ని బోర్డర్ అనడం సరైనదే. అయితే అది సెప్టెంబర్లో జరిగింది కాదు, ఆ నెలలో కాగితం మీదికి ఎక్కింది. రక్తం చెప్పేది జూన్, జూలై, ఆగస్టుల సంగతి. దానికి పునాది ఫిబ్రవరిలో పడి ఉండొచ్చు.

అందుకే నా నియమం: రిపోర్టు అంకెని రిపోర్టు వచ్చిన నెల గడిలో వేసి వదిలేయకండి. అక్కణ్ణుంచి వెనక్కి మూడు గడుల మీదుగా గీత గీయండి. ఆ గీత కింద పని వరుసలో, ఇల్లు వరుసలో ఏమున్నాయో చూడండి. బరువు, నిద్ర, మనుషుల మధ్య దూరం కూడా ఇంతే, ఆలస్యంగా బయటపడతాయి.

పోలికలో ఇంకో మెలిక ఉంది. మూడు నెలల షుగర్ కూడా మూడు నెలల్నీ సమానంగా చూడదు. అందులో దాదాపు సగం వాటా ఆఖరి నెలదే. అంటే సగటు తీసే పరీక్ష కూడా కాస్త ఇటువైపే ఒరుగుతుంది. మీ కాగితం కూడా ఒరుగుతుంది, ఎర్ర పెన్ను పట్టినా సరే, దగ్గరి నెలల్లో ఎక్కువ వెతుకుతారు. మందు ఒక్కటే, జనవరి నుంచి కాకుండా బాగా బోసిగా ఉన్న గడి నుంచి వెతకడం మొదలుపెట్టండి.

రక్తహీనత సంగతి కూడా చెప్పేస్తా. ఐరన్ లోపం వల్ల వచ్చే రక్తహీనతలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. ఈ మధ్య రక్తం పోయినా, ఎక్కించుకున్నా తక్కువ చూపించవచ్చు. అలాంటిది ఉంటే డాక్టర్‌కి చెప్పండి, అంకె చూసి మీరే తీర్పు ఇచ్చుకోకండి.

ఒళ్ళు వరుసలో జనం చేసే ఇంకో తప్పు: నిరుడు ఒక ల్యాబు, ఈసారి ఇంకో ల్యాబు, రెండు అంకెలు పక్కపక్కన పెట్టి సంబరమో ఏడుపో. 'చెడ్డ కొలెస్ట్రాల్' అనే ఎల్‌డీఎల్‌నే తీసుకోండి. చాలా ల్యాబులు దాన్ని నేరుగా కొలవవు, లెక్కగడతాయి. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి 'మంచి కొలెస్ట్రాల్' హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్స్ అనే రక్తంలోని ఇంకో రకం కొవ్వులో అయిదో వంతు తీసేస్తారు. మొత్తం 200, హెచ్‌డీఎల్ 45, ట్రైగ్లిజరైడ్స్ 150 అయితే ఎల్‌డీఎల్ 125. మిగతావి అలాగే ఉండి ట్రైగ్లిజరైడ్స్ 250కి పెరిగితే ఎల్‌డీఎల్ 105కి దిగుతుంది. "కొలెస్ట్రాల్ తగ్గింది" అని కాగితంలో రాసుకుంటారు! పెరిగిందేదో వేరే లైన్లో ఉంది. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్కే పనికిరాదు.

బీపీ ఒక్కసారి చూసిన అంకె కాగితం మీదికి రాకూడదు. అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, కాళ్ళు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు. కాలు మీద కాలు వేసుకున్నా, మాట్లాడుతున్నా, మూత్రం ఆపుకుని కూర్చున్నా అంకె పైకే పోతుంది. బరువైతే పొద్దున లేవగానే, వారం సగటు రాయండి. ఒంట్లో నీటి వల్లే రోజు రోజుకీ కిలో అటూ ఇటూ అవుతుంది.

ఇక పని వరుస. "జీతం పది శాతం పెరిగింది" అని నీలం పెన్నుతో రాస్తారు. ఎర్ర పెన్నుతో గంటలు రాయండి, రాకపోకలతో కలిపి. జీతం 100 నుంచి 110 అయింది, వారానికి గంటలు 45 నుంచి 52 అయ్యాయి అనుకుందాం. 110ని 52తో భాగించి, 100ని 45తో భాగించి పోల్చండి. గంటకి మీ సంపాదన దాదాపు 5 శాతం పడిపోయింది. ధరలు అయిదు శాతం పెరిగి ఉంటే పతనం 9 శాతం దాటింది. అభినందనలు! గంటలు పెరిగినందుకు కొత్త పని నేర్చుకున్నారా? నేర్చుకుంటే అది వేరే లాభం, దాన్ని విడిగా రాయండి. జీతం అంకె కింద దాచకండి.

టైం అయిపోతోంది, మిగిలినవి గబగబా.

మంచి మార్పులు కూడా బరువే. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు పరిశోధకులు 43 జీవిత సంఘటనలకి, వాటికి సర్దుకోవడం ఎంత కష్టమో దాన్ని బట్టి మార్కులు వేశారు. భర్త లేదా భార్య మరణానికి 100, విడాకులకి 73, ఉద్యోగం ఊడితే 47. పెళ్ళికి 50! ఉద్యోగం ఊడటం కంటే మూడు ఎక్కువ, నవ్వుకోండి. ఇల్లు మారితే 20. సెలవుల్లో విహారానికి కూడా 13. మార్కుల్ని జాతకంలా చదవకండి, వాటిని బట్టి ఎవరికి జబ్బు చేస్తుందో చెప్పలేం. పనికొచ్చేది ఒకటే, ఒకే నిలువు గడిలో మూడు మార్పులు పడ్డ నెలకి చుట్టూ గీత గీయండి. అన్నీ శుభాలే అయినా సరే.

రెండోది. బాగా పాడైపోయిన నెలలో మనం ఏదో మొదలుపెడతాం, ధ్యానమో, కొత్త డైటో, ఇంకో పుస్తకమో. తర్వాతి నెల కాస్త నయమవుతుంది. ఘనతంతా కొత్తదానికే! అట్టడుగు నెల తర్వాత వచ్చేది మామూలుగానే కొంచెం పైకి ఉంటుంది. 1886లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త తల్లిదండ్రుల ఎత్తుల్నీ పిల్లల ఎత్తుల్నీ పోల్చి, బాగా పొడుగువాళ్ళ పిల్లలు సగటు వైపు వస్తారని, ఈ తిరుగు ప్రయాణాన్ని చూపించాడు. కాబట్టి ఏది పనిచేసిందో తేల్చేముందు దాని తర్వాత కనీసం మూడు గడులు చూడండి.

మూడోది, 21 రోజుల్లో అలవాటు పడిపోతుందన్న మాట మర్చిపోండి. లండన్‌లో లాలీ అనే పరిశోధకురాలి బృందం చేసిన అధ్యయనంలో మధ్యస్థం (సగం మందికి అంతకంటే తక్కువ, సగం మందికి ఎక్కువ) 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. ఆరు వారాలకి మానేసినదాన్ని మీరు ఎర్ర పెన్నుతో "నాకు చేతకాదు" అని రాసి ఉంటే కొట్టేసి, "ఆరు వారాలు చేశాను" అని రాయండి. ఆధారం ఉన్నది అంతవరకే.

నాలుగోది, ఏడాదికోసారి చేయకండి. మందు మార్చాక మూడు నెలల షుగర్ మళ్ళీ మూడు నెలలకి చూస్తారు కదా, ఈ కాగితమూ అంతే, మూడు గడులు నిండగానే ఇరవై నిమిషాలు. నీలం ముందు, ఎర్ర తర్వాత. పాత కాగితాన్ని ల్యాబ్ రిపోర్టుల ఫైల్లో పెట్టేయండి. నీలంతో రాసేటప్పుడు దాన్ని తెరవకూడదు, తెరిస్తే మీరు రాసేది జ్ఞాపకం కాదు, కాపీ.