జిమ్‌కి పోతే రక్తం పెరిగిందా? సాంబార్ వడని అడుగుదాం

(టేబుల్ మీద ఒక ప్లేట్ సాంబార్ వడ, పక్కన ల్యాబ్ రిపోర్టు)

పోయిన వారం మా జిమ్‌లో ఒక తమ్ముడు రిపోర్టు చూపించాడు. ముందు నెల హిమోగ్లోబిన్ 14, ఇప్పుడు 14.9. "అన్నా, స్క్వాట్స్ దెబ్బకి రక్తం పట్టేసింది!" ఎప్పుడు టెస్ట్ చేయించావురా అంటే, లెగ్ డే ముగించుకుని చెమటైనా ఆరకుండా నేరుగా ల్యాబ్‌కి పోయాడంట. తిరుపతిలో ఏ జిమ్‌కి పోయినా ఇదే మాట. అందుకే ఈ వీడియో.

వడ చూడండి. సాంబార్‌లో వేసి పది నిమిషాలైంది. ఉబ్బింది. సాంబారేమో చిక్కబడింది. అంటే పప్పు పెరిగిందా? నీళ్లు వడలోకి పోయాయి, అంతే. (చట్నీ ఇవ్వలేదు. ఆ గొడవ తర్వాత చూస్తా.)

వడ మీ తొడ కండరం. సాంబార్ రక్తం. పప్పు హిమోగ్లోబిన్‌ని మోసే ఎర్ర రక్తకణాలు. బరువెత్తినప్పుడు బీపీ అమాంతం లేస్తుంది, ఆ ఒత్తిడికి సన్నని రక్తనాళాల గోడల్లోంచి నీరు బయటికి పోతుంది. పైగా కండరం కష్టపడినప్పుడు తయారయ్యే లాక్టేట్ లాంటివి అందులో పేరుకుని నీటిని తమవైపు లాగుతాయి. ఉప్పు ఎటుంటే నీరు అటే, ఊరగాయ పెట్టే ఇళ్లలో ఇది చెప్పక్కర్లేదు. కండ ఉబ్బితే అద్దం ముందు 'పంప్' అని మురిసిపోతామే, అందులో చాలావరకు ఈ నీరే!

లెక్క వేద్దాం. 5 లీటర్ల రక్తంలో ప్లాస్మా, అంటే కణాలు తీసేస్తే మిగిలే పులుసు, సుమారు 3 లీటర్లు. గట్టి లెగ్ డేలో అందులో 10 శాతం బయటికి పోయిందనుకోండి, 300 మిల్లీలీటర్లు. మిగిలిన రక్తం 4.7 లీటర్లు. పప్పు అంతే ఉంది, పులుసు తగ్గింది. 14 కాస్తా 14.9! కొత్తగా ఒక్క కణం పుట్టలేదు స్వామీ.

ఒక్కచోట మాత్రం వడ మనకి హ్యాండిస్తుంది. తాగిన సాంబార్ అది తిరిగివ్వదు. కండరం ఇచ్చేస్తుంది, గంటలోపే చాలావరకు.

రోజూ అలిపిరి మెట్లెక్కేవాళ్లది రివర్స్ కథ. కొన్నాళ్లకి ప్లాస్మానే పెరిగి సాంబార్ పలచబడుతుంది, హిమోగ్లోబిన్ తగ్గినట్టు కనిపిస్తుంది. నిజంగా తగ్గిందా లేదా అన్నది డాక్టరే తేల్చాలి.

టైమ్ లేదు, గబగబా చెప్పేస్తా. సీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) టెస్టుంటే ముందు కొన్ని రోజులు బరువులు ఆపండి, పెరిగిన సీకే రోజుల తరబడి దిగదు. మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం నీళ్లు తాగి పడుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి పోండి. కండరం చితికితే దెబ్బ కిడ్నీల మీద పడుతుంది.

మన తమ్ముడిని రెండు రోజులు జిమ్ మానేసి, పొద్దున్నే మళ్లీ చేయించుకోమన్నా. 14.1 వచ్చింది.

"పాయింట్ వన్ పెరిగింది కదన్నా!"